వాసంతహిమము: చూపునకు గల అధికారము

ఫ్రాన్సుదేశమునందలి షామోనీ పట్టణమునుండి స్విట్జర్లండునందలి జెర్మట్ వరకు, ఆల్ప్స్ పర్వతశ్రేణి నడినెత్తి మీదుగా, హిమానీనదములను కనుమలను దాటుచు పోవు హోత్ రూట్ అను మార్గమును 1861 నాటికే ఆంగ్లేయ పర్వతారోహకులు వేసవియందు కాలినడకను సాధించియుండిరి. స్కీలపై దానిని ఆసాంతము దాటుట 1911లో సిద్ధించినది. నేడు మార్చి నడుమనుండి మే మొదటి దినముల వరకు, లోయలలో పచ్చిక మొలచుచు శిఖరములపై శీతకాలపు మంచు ఇంకను మీటర్ల మందమున నిలిచియుండు సంధికాలమున, స్కీల అడుగున రోమపట్టీలు అంటించుకొని ఎక్కుచు, కనుమలపై వానిని ఊడదీసి జారుచు, ఒక విడిదినుండి మరియొక విడిదికి పోవు యాత్రికులు అనేకులు కలరు. వారి ప్రాణములు ఆధారపడియుండు ప్రశ్న ఒక్కటే: రాత్రి గట్టిపడిన మంచు పగలు ఏ గడియకు మెత్తబడును, ఏ వాలు ఏ గడియకు విరిగిపడును? దీనిని నిర్ణయించు అధికారము ముందుగా వ్రాసికొన్న నియమమునకు ఉండవలెనా, అక్కడ నిలిచి చూచు కంటికి ఉండవలెనా అను వివాదము, జెనీవాలో చిరకాలముగా స్థిరపడిన ఒక మేనమామకును అతని మేనల్లునికిని నడుమ జరిగిన సంభాషణగా ఇచ్చట కూర్పబడినది. పెద్దలు అనుభవమును, పిన్నలు గణనమును ఆశ్రయింతురని మనము సాధారణముగా తలంతుము. వీరియందు అది తారుమారుగా నున్నది.

మేనల్లుడు: మామయ్యా, మన యాత్రకు మీరు వ్రాసిన పట్టికను చూచితిని. వీన్యెత్ విడిదినుండి వేకువను అయిదు గంటలకు బయలుదేరుట, ఎవెక్ కనుమను ఇన్ని గంటలకు, మోన్ బ్రూలె కనుమను ఇన్ని గంటలకు దాటుట, వాల్పెలీన్ కనుమపై పది గంటలకు మించి నిలువకుండుట, ఆ గంట తప్పినచో వెనుకకు మరలుట, అంతయు ఇంటియొద్ద కూర్చుండియే నిర్ణయించితిరి. మంచు గంటలనుబట్టి కరగదు. తనమీద పడిన వేడినిబట్టి కరగును. నేను చూడని వాలును గూర్చి, ఇంకను గడవని రాత్రిని గూర్చి, ఇప్పుడే తీర్పు చెప్పుట నాకు సమ్మతము కాదు.

మామ: వేడికిని గంటకును సంబంధము లేదందువా, నాయనా? ఏప్రిల్ 20వ తేదీ నాటి సూర్యుడు మధ్యాహ్నమున ఆగస్టు 22వ తేదీ నాటి సూర్యునంత ఎత్తున నిలుచును. చలిగాలి మొగమునకు తగులుచున్నందున శీతకాలమని భ్రమింతుము గాని, మంచుపై పడుచున్నది నిండు వేసవి యెండ. అది తూర్పు వాలును తెల్లవారగానే తాకును. దక్షిణపు వాలును మధ్యాహ్నమునకు పూర్వమే తడుపును. పడమటి వాలును అపరాహ్ణమున పట్టుకొనును. ఈ క్రమము ఏనాడును తప్పదు. స్విస్ సైన్యము 1943లో జెర్మట్‌నుండి వెర్బియే వరకు ఇదే పర్వతములపై నెలకొల్పిన స్కీ పందెమునందు జట్లు రాత్రివేళ బయలుదేరును. 1949లో ముగ్గురు పోటీదారులు మంచుపగులులో పడి మరణింపగా ఆ పందెము 1984 వరకు నిలిచిపోయెను. తిరిగి మొదలైనపుడును రాత్రి ప్రయాణపు నియమమును విడువలేదు. రాత్రి గట్టిపడిన మంచు మనలను మోయును, పగుళ్లపై పేరిన మంచువంతెనలును మోయును. ఎండతో పందెమాడక ముందే దాటిపోవలెనన్న ఈ మాటకు కన్నుతో పనియేమి?

మేనల్లుడు: సూర్యుని క్రమము తప్పదు; రాత్రి క్రమము తప్పును. మీ పట్టికయందలి లోపము అదియే. మంచు మన కంటికి తెల్లనిదైనను, కనబడని ఉష్ణకిరణముల విషయమున కాటుకవలె నల్లనిది. తనలోని వేడిని నిర్మలాకాశములోనికి ధారాళముగా వెదజల్లి, చుట్టునున్న గాలి సున్నకు రెండు మూడు డిగ్రీలు పైననున్నను తాను గడ్డకట్టగలదు. గాలి పొడిగా నున్నచో ఆవిరియగుటవలన మరికొంత చల్లబడును. అదే రాత్రి మబ్బు కమ్మినచో, ఆ మబ్బు మంచు విడిచిన వేడిని మంచుపైకే మరలించును. ఉష్ణమాపకము నిన్నటి అంకెనే చూపుచున్నను పైపొర మనుష్యుని మోయునంత గట్టిపడదు. అట్టి వేకువను విడిది గుమ్మము దాటగానే కాలు మోకాలివరకు దిగబడును. ఆనాడు మీ పది గంటలు ఏవి? అవి సూర్యోదయమునకు ముందే ముగిసిపోయినవి. మరియు నిర్మలమైన చలిరాత్రి గడచిన మరునాడు, ఉత్తరపుగాలి వీచుచుండగా, మధ్యాహ్నము వరకును మంచు గట్టిగనే యుండును. అప్పుడు మీ నియమము మనలను అకారణముగా వెనుకకు త్రిప్పును.

మామ: రాత్రిని గూర్చి ముందే చెప్పువారు లేరా? దావోస్ పైనున్న వైస్‌ఫ్లూయోఖ్‌పై 1936నుండి మంచును పరిశీలించుచున్నారు. స్విట్జర్లండునందు మంచుచరియల బులెటిన్ 1945నుండి వెలువడుచున్నది. అపాయమును ఒకటి మొదలు అయిదు వరకు అంకెలతో తెలుపు పద్ధతి 1993నుండి ఐరోపా అంతటను ఒక్కటే. సాయంత్రము అయిదు గంటలకు బులెటిన్ వచ్చును. వసంతమున పొడిమంచు అపాయమును వేరుగను, తడిమంచు అపాయము దినము గడచుకొలది పెరుగుటను వేరుగను తెలుపును. ఎందరో పరిశీలకులు, ఎన్నో యంత్రములు కూర్చిన జ్ఞానమును త్రోసిపుచ్చి నీ రెండు కన్నులను నమ్ముటకు నీకు గల యోగ్యత యేమి?

మేనల్లుడు: నేను దానిని త్రోసిపుచ్చుట లేదు, ప్రతి సాయంత్రమును చదువుదును. అయితే సాయంత్రపు బులెటిన్ రాబోవు రాత్రిని ఊహించి చెప్పునదియే గాని చూచి చెప్పునది కాదు. ఉదయపు బులెటిన్ వచ్చునది ఎనిమిది గంటలకు, అప్పటికి మనము మంచుపై మూడు గంటలు నడచియుందుము. అది విశాలమైన ప్రాంతమంతటికిని చెప్పునది. నా యెదుటి వాలు ఒక్కటి. అంకెలలో నడిమిదగు మూడు ఉన్న దినములందే మంచుచరియల మరణములలో సుమారు సగము సంభవించుచున్నవి. అంకె చదివినవారే అందులో అనేకులు.

ఇంకొక విషయము చెప్పెదను, మామయ్యా. మీరు భౌతికశాస్త్రము చదివినవారు గనుక దీనిని కాదనలేరు. ఒక కిలో మంచును సున్న డిగ్రీలయొద్దనే నీరుగా మార్చుటకు 334 కిలోజౌళ్ల వేడి కావలెను. అంత వేడిని ఆ నీటికే మరల ఇచ్చినచో అది ఇంచుమించు 80 డిగ్రీల వరకు కాగును. కావున మంచుపొర పైనుండి నేలవరకు సున్నకు చేరిన పిమ్మట, ఎంత ఎండ కాసినను ఉష్ణమాపకము కదలదు. లోపల మాత్రము సర్వము మారుచుండును. నీటి పాలు నూటికి మూడు దాటకమునుపు మంచు పిడికిట ముద్దకట్టును. మూడింటికిని ఎనిమిదింటికిని నడుమ భూతద్దముతో చూచిన కణముల సందులలో నీరు కనబడును గాని పిండిన రాదు. ఎనిమిది దాటినచో పిడికిలి బిగింపగానే నీరు కారును. కణమును కణముతో కట్టియుంచిన బంధములు ఈ నడుమనే తెగిపోవును. యంత్రము మొదటి క్షణమునను సున్న యనును, కడపటి క్షణమునను సున్న యనును. ఏది చెప్పవలెనో అదియే దానికి తెలియదు. ఆ తేడాను చెప్పగలిగినది నా పిడికిలి, నా స్కీ కర్ర ఎంత దిగినదన్న అంచనా, బూటు చీలమండ దాటి మునిగినదా లేదా యన్న అనుభవము, ఎండ తగిలిన రాళ్ల క్రిందినుండి మంచు ఉండలు తమంతట తాము దొర్లుచున్నవా యన్న చూపు.

ఇచ్చట వ్రాయువాడు తన అభిప్రాయమును దాచుట న్యాయము కాదు. సున్నయొద్ద ఉష్ణమాపకము మూగదగునన్న ఈ మాట వసంతహిమమును గూర్చిన విచారమంతటికిని కీలకమైనది. శీతకాలమున అలవడిన గణనపద్ధతులు వసంతమున తడబడుటకు ఇదియే ముఖ్యకారణము. మేనల్లుని వాదము ఇంతవరకు అభేద్యముగా నున్నది. అయితే చూపు ఏమి చెప్పగలదన్నది ఒక ప్రశ్న. చూచువాడు ఏమి వినదలచినాడన్నది వేరొక ప్రశ్న. మామ ఈ రెండవదానిని పట్టుకొనెను.

మామ: నీ భౌతికశాస్త్రమునకు నాకు అభ్యంతరము లేదు, నాయనా. నా భయము మంచును గూర్చినది కాదు, నిన్ను గూర్చినది. ఫిర్న్ అను వసంతపు మంచు పక్వమైన ఉదయమును తలచుకొనుము. పగటి కరగుదల, రాత్రి గడ్డకట్టుట పలుమారులు జరిగి కణములు గుండ్రనై, పైన వ్రేలి వెడల్పున మెత్తబడి, క్రింద చలింపని గట్టితనము నిలిచియున్న ఆ మంచుపై జారుటకు మించిన ఆనందము పర్వతములయందు లేదు. దానికొరకే మనము రాత్రి మూడింటికి లేచుచున్నాము. ఆ స్థితి ఒక వాలుపై ఒక గంటసేపు నిలుచునేమో. నీవు కనుమపైకి ఆ గంటకు ఇరువది నిమిషములు ఆలస్యముగా చేరితివనుకొనుము. మూడు గంటలు ఎక్కియున్నావు, వెంట స్నేహితులున్నారు, ముందుపోయినవారి జాడలు నీ కన్నులయెదుట వంకలు తిరుగుచు దిగుచున్నవి, జెర్మట్‌లో పడకలు మాట్లాడియున్నవి. అప్పుడు నీవు కర్రను మంచులో గ్రుచ్చి చూతువు. ఆ కర్ర ఎంత దిగినదో నిజముగా చూతువా, లేక దిగలేదనుటకు ఆధారము వెదకుదువా? అమెరికాదేశమున 1972 మొదలు 2003 వరకు జరిగిన 715 మంచుచరియ ప్రమాదములను ఇయన్ మెక్‌కామన్ పరిశీలించి, అలవాటైన చోటులందు శిక్షణ పొందినవారును శిక్షణ లేనివారివలెనే అపాయమునకు ఒడిగట్టిరని చూపెను. వారికి కన్నులు లేవా? చదువు లేదా? కన్ను కోరికకు లోబడి యున్నది.

మేనల్లుడు: మనుష్యుడు మోసపోవునని, ఆతని కన్నులను మూయవలెనందురా? చూచుకొలది చూపు పదునెక్కును. ఏటేట పర్వతములపై గడపినవాడు నేర్చుకొనినదంతయు నిరర్థకమా?

మామ: ఏమి నేర్చుకొనినాడన్నదే విచార్యము. వంటచేయువాడు ఉప్పు ఎక్కువ వేసినచో ఆ పూటనే తెలిసికొనును. వడ్రంగి కొలత తప్పినచో తలుపు పట్టదు. పర్వతము అట్లు దిద్దదు. విరిగిపడుటకు సిద్ధముగానున్న వాలుపై నీవు నూరు గజములు పోయితివి, అది విరుగలేదు. నీ అడుగు బలహీనమైన చోట పడలేదంతియే. నీవు మాత్రము నా తీర్పు సరియైనదని ఇంటికి పోదువు. తప్పు తీర్పునకు పర్వతము పెక్కుమారులు బహుమానమే ఇచ్చును. శిక్షించుట అరుదు, శిక్షించినపుడు నేర్చుకొనుటకు శిష్యుడు మిగులడు. చరియక్రింద పూడినవారిని పదునైదు నిమిషములలోపల త్రవ్వితీసినచో నూటికి తొంబదిమంది బ్రతుకుదురనియు, ముప్పదియైదు నిమిషములగుసరికి సుమారు ముప్పదిమందియే మిగులుదురనియు 1994లో ప్రకటింపబడిన పరిశీలన చెప్పుచున్నది. వసంతపు తడిమంచు ఘనమీటరు నాలుగైదువందల కిలోలు తూగును, ఆగినవెంటనే బిగిసిపోవును. ఇట్టి గురువునొద్ద అనుభవమే చాలుననుట నాకు సాహసముగా తోచుచున్నది.

మేనల్లుడు: ఆ మాట రెండువైపులకును పట్టును గదా, మామయ్యా! నియమమును పాటించి వెనుకకు మరలినవానికి మాత్రము తన తీర్పు సరియని ఎవరు చెప్పుదురు? అతడు దాటని వాలు విరుగునో విరుగదో అతనికి ఎన్నటికిని తెలియదు. మీ గంటల పట్టికయు పరీక్షకు నిలిచినది కాదు.

మామ: కాదు. ఆ సందేహముతోనే వెనుకకు నడచిరావలెను. సందేహముతో తిరిగివచ్చుట కష్టమే. కాని దానిని మరునాడు కూడ మోయవచ్చును. వెర్నర్ ముంటర్ అను స్విస్ పర్వతమార్గదర్శి ఈ విషయమును దీర్ఘముగా ఆలోచించి, ఒకచోట గొయ్యి త్రవ్వి చూచిన పొరలు పది అడుగుల ఆవల మారిపోవుచుండగా ఒక్క గొయ్యిని నమ్ముట తగదని, అపాయపు అంకె రెండైనచో నలువది డిగ్రీల వాలుకంటె, మూడైనచో ముప్పదియైదుకంటె, నాలుగైనచో ముప్పదికంటె నిటారైనదానిపై అడుగిడరాదని సులభమైన నియమములు చేసెను.

మేనల్లుడు: ఆ నియమములు పొడిమంచు ఫలకలకొరకు చేసినవి. తడిమంచునకు అవి చాలవు. శీతకాలమున అడుగున పొడిపొడిగా, ఒండొంటికి అంటని పెద్ద కణములుగా ఏర్పడిన పొరకు ఏప్రిల్‌లో మొదటిసారి నీరు చేరినపుడు, అంతవరకు నిలిచియున్న వాలు మొత్తము కదలును; ఆ నీరు పలుమారులు దిగి తనకు త్రోవలు చేసికొనిన తరువాత అదే వాలు నెమ్మదించును. ఆ మొదటి తడుపు ఏనాడు జరుగునో ఏ పట్టిక చెప్పును? 2021 ఫిబ్రవరిలో సహారా ఎడారి ధూళి ఆల్ప్స్‌పై పడి మంచు పసుపువన్నెకు తిరిగెను. అట్టి మంచు ఎండను మరలింపలేక ఎక్కువగా పీల్చుకొనును. తరువాతి మంచు క్రింద ఆ పొర కొంతకాలము దాగి, పైది కరగగానే మరల బయటపడి కరగుదలను త్వరపరచును. దానిని కన్నులార చూచి, నేడు గంటముందుగా మెత్తబడునని నిశ్చయించుకొనవలెనా, లేక పట్టిక పది యన్నదని పోవలెనా?

మామ: ముందుగా మెత్తబడునని నీకు తోచినచో ముందుగా మరలుము. ఇప్పుడు నా మాట పూర్తిగా వినుము. ఇంతసేపు నేను చెప్పదలచినది ఇదియే. చూపునకు అధికారము లేదని నేననను. దానికి ఒకేవైపు అధికారము కలదందును. ముందు వ్రాసికొన్న ప్రణాళికనుండి చూపు ఎంతైనను తగ్గింపవచ్చును. దానికి అణుమాత్రమును చేర్పరాదు. పది గంటలని వ్రాసియుండగా ఏడింటికే మంచు దిగబడినచో పది చెల్లదు, ఏడే చెల్లును. పది గంటలని వ్రాసియుండగా పదకొండింటికిని మంచు గట్టిగనే తోచినచో, పదియే చెల్లును. మొదటి తీర్పున కోరికకు లాభము లేదు గనుక ఆ చూపును నమ్ముదును. రెండవదానియందు కోరికకు లాభము కలదు గనుక నమ్మను. ప్రణాళికను వ్రాసినది లోయలో, ఆకలి, అలసట, స్నేహితుల మొగములు, ఎదుటి వాలు అందము లేనిచోట. ఆ మనుష్యునికి ఉన్న స్వాతంత్ర్యము కనుమపైనున్న మనుష్యునికి లేదు.

మేనల్లుడు: మంచి మాట, కాని చదునైన చోట చెప్పదగిన మాట. మనము పోవునది ఎక్కినచోటికే దిగివచ్చు శిఖరయాత్ర కాదు. ఒక దేశమునుండి మరియొక దేశపు లోయలోనికి పోయి మరల మొదటి దేశమునకు వచ్చు దాటుట. మోన్ బ్రూలె కనుమ దాటి ఇటలీవైపు హిమానీనదముమీదికి దిగిన పిమ్మట మంచు మెత్తబడుచున్నదని చూచితిననుకొనుడు. ముందు వాల్పెలీన్ కనుమ, దానికావల పగుళ్లతో నిండిన స్టోక్‌యీ దిగుడు. వెనుక అదే బ్రూలె వాలు, పడమటిది, అపరాహ్ణమున మండునది. తగ్గించుట అనగా అచ్చట ఏమి చేయుట? మరలుటయే అపాయమైనపుడు మీ ఒకవైపు అధికారము ఎటు చూపును?

మామ: (కొంతసేపు ఆలోచించి) అచ్చట అది ఏవైపును చూపదు. నీవు చెప్పినది నిజము. అందుచేత తగ్గించు నిర్ణయము అచ్చటికి చేరకమునుపే జరిగిపోవలెను. వీన్యెత్ గుమ్మమునుండి పియెస్ హిమానీనదము మీదుగా అరోలా గ్రామమునకు దిగు త్రోవ కలదు, బస్సు దొరకును. 2018 ఏప్రిల్ కడపటి దినములలో ఆ విడిదికి అనతిదూరముననే తుఫానులో చిక్కి ఒక రాత్రియంతయు బయట గడపిన యాత్రికులలో ఏడుగురు మరణించిరి. అది మంచుచరియ కాదు, గాలియు చలియు. అయినను త్రోవలు మూసికొనిపోవు ఎత్తులలో నిర్ణయమునకు మిగులు వేళ ఎంత కొంచెమో అది చూపుచున్నది. కనుక ప్రతి దినమునందును మరలుటకు వీలైన కడపటి చోటును ముందే గుర్తించి, ఆ చోట తీర్పు చెప్పవలెను. దానికావల సందేహమునకు స్థానముండరాదు.

మేనల్లుడు: అట్లయినచో ఆ చోట నా పిడికిలికిని నా కర్రకును మొదటి మాట ఇచ్చెదరా? వేకువను నాలుగింటికి నేను బయటికి పోయి, ఆకాశము చూచి, మంచుపై స్కీలు లేక నిలిచి చూచెదను. బూటు దిగబడినచో, మీ పట్టిక ఏమన్నను, బులెటిన్ ఏమన్నను, అరోలాకే.

మామ: ఇచ్చితిని. మన జట్టులో అందరికంటె నెమ్మదిగా నడచువానికి కూడ ఆ మాట ఇచ్చితిని. అతడు వద్దన్నచో కారణము అడుగవద్దు.

మేనల్లుడు: ఇక ఒక్కటి మిగిలినది. పీన్ ద్ అరోలా శిఖరపు ఉత్తరపు వాలులపై ఏప్రిల్‌లోను శీతకాలపు పొడిమంచు నిలిచియుండును. అక్కడ ఎండ నియమము పట్టదు. పాత బలహీనపు పొరలు అచ్చట చిరకాలము నిద్రించును. అంకె రెండై, వాలు ముప్పదియెనిమిది డిగ్రీలై, నియమము పొమ్మన్నను నేను చూచి వద్దన్నచో మీరు విందురు, అది తెలిసినది. అంకె మూడై నియమము వద్దనగా, నేను మూడు దినములు అదే ఎత్తున, అదే దిక్కున మంచును త్రవ్విచూచి, పోవచ్చునన్నచో?

మామ: వినను.

మేనల్లుడు: మూడు దినముల పరిశీలన కోరికయేనా?

మామ: మూడు దినములు త్రవ్వినవానికి కోరిక మూడింతలగును. నీవు సరియై యుండవచ్చును. పలుమారులు సరియై యుందువు కూడ. అయినను వినను.

మేనల్లుడు: దీనికి నేను ఒప్పుకొనలేను, మామయ్యా. అట్లయినచో మంచును గూర్చి మనుష్యుడు నేర్చుకొనిన ప్రతిదియు మరలుటకే పనికివచ్చును గాని ముందుకు పోవుటకు ఎన్నడును పనికిరాదు.

మామ: ఒప్పుకొనవద్దు. ఆ వాలు మాత్రము నాతో కలిసి దిగకుము. తక్కిన మార్గమంతయు కలిసి పోదము. ఇప్పుడు ఆ పట్టిక తెమ్ము. వాల్పెలీన్ యొద్ద వ్రాసిన పది గంటలను కొట్టివేసి తొమ్మిదిన్నర చేయవలెను, ఈ వారము రాత్రులు మబ్బుగా నున్నవి.